రెండువేల పట్టుగూళ్ళ దూరం

నేను విమానమెక్కి అస్సాం దాకా పోయొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా సోమేనహళ్ళిలో నన్ను నిలబెట్టి అడగని వాళ్ళు లేరు. "పైన గాలాడతాదా రత్నమ్మా?" "కిందికి చూస్తే మన ఊరు కనపడతాదా?" "అన్నం వాళ్ళే పెడతారా, మనం కట్టుకోని పోవల్లా?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. విహారయాత్ర ముచ్చట్లు కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. పోయిన మూడు రోజులూ నాకు భయపడటం తప్ప వేరే పని లేదు. విమానం పడిపోతుందేమోనన్న భయం చిన్నది. పెద్ద భయం నా ఒళ్ళో, వెదురుబుట్టలో ఉంది.

బుట్టలో ఉన్నవి పట్టుపురుగుల గుడ్లు. మాది చాకీ కేంద్రం. అంటే గుడ్లు తెచ్చి పొదిగించి, పసిపురుగులను రెండో జ్వరం దాకా సాకి రైతులకిచ్చే పని. పురుగు పొర విడిచే ముందు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది, దాన్నే మా వైపు జ్వరం అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా బతుకు.

అస్సాం పిల్ల రూపాలి ఈ పని నేర్చుకోవడానికి వచ్చి మూడు నెలలు మా ఇంట్లోనే ఉంది. వచ్చినప్పుడు మా మాట ఒక్కటీ రాదు. పోయేటప్పటికి మా వీధి పిల్లలతో సమానంగా కొట్లాడేది. ఊరికి పోయి అత్తగారి పెరట్లో మల్బరీ నాటించింది. మొదటి పంట మొత్తం రెండో జ్వరంలోనే చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఫోన్ చేసి ఏడ్చింది.

"అక్కా, అందరూ నా చెయ్యి మంచిది కాదంటాండారు. మా అత్త తోట పీకేస్తామంటాండాది. ఇంకొక్క తూరి చూస్తాదంట, అంతే. గుడ్లు పంపించొద్దు, నువ్వే ఎత్తుకోని రా."

చెయ్యి మంచిది కాదనే మాట తేలికైనది కాదు. మా దగ్గరా అంతే. ఫలానా కోడలు మొదటి ఆకు వేస్తే పంట పోయిందని ఒకసారి పేరు పడితే, ఆ తర్వాత ఆ పిల్లను విత్తనం ముట్టనివ్వరు, పాలు పితకనివ్వరు. ఈ రెండో పంట కూడా పోతే రూపాలి పెరడే కాదు, ఆ ఇంట్లో దాని చోటూ పోతుంది. చిక్కబళ్ళాపురం రేష్మె ఆఫీసులో, అంటే పట్టు శాఖలో, నెల రోజులు తిరిగి, నాకూ బుట్టకూ కలిపి విమానం టికెట్టు, దారిలో చూపించడానికి ఒక లెటరు ఇప్పించుకున్నాను.

బాగేపల్లి నుంచి చింతామణి

గుడ్లు చింతామణిలో తీసుకోవాలి. గుడిబండె మీదుగా బాగేపల్లి చేరి, అక్కడ చింతామణి బస్సెక్కాను. పక్క సీట్లో శెనక్కాయల వ్యాపారం చేసే పెద్దాయన. యాడికి పోతాండావమ్మా అన్నాడు. గువాహటికి అన్నాను. అది యాడుండాది అన్నాడు. విమానంలో పోవాలని చెప్పాను. అంతే, దారి పొడుగునా ఆయన చూసిన పీడకలలన్నీ నాకు అప్పజెప్పాడు.

"నా మాట విను తల్లీ. నేలమీద బస్సు చెడిపోతే దిగి తోస్తాము. ఆడ చెడిపోతే ఎవురు దిగి తోసేది?"

నాకు నవ్వు రాలేదు. రాత్రంతా నేనూ అదే అనుకున్నాను.

చింతామణిలో దిగి నేరుగా గుడ్ల కేంద్రానికి పోయాను. అక్కడ హనుమంతప్ప ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా గుడ్లు ఇస్తున్నవాడు, మాట తక్కువ. అతను ఐదు కాగితాలు తీసి వెలుతురుకు ఎదురుగా ఒక్క క్షణం పట్టుకుని చూపించాడు. గసగసాలంత గుడ్లు, కాగితం నిండా. ఒక్కో గుడ్డులో సూదిమొన పెట్టినట్టు నల్లటి చుక్క. అది పురుగు తల.

"చుక్క పొద్దున్నే పడిండాది. రేపు సాయంత్రానికి నీలం తిరుగుతాది. ఎల్లుండి తెల్లారితే పిల్లలు లేస్తాయి. విమానం లేటయిందని అవి ఆగవు రత్నమ్మా."

తర్వాత ఐదు కాగితాలనూ నల్ల కాగితంలో చుట్టాడు. ఇది తెలియనివాళ్ళకు చెప్పాలి. గుడ్లన్నీ ఒకేసారి పగలాలంటే చివరి రెండు రోజులూ చీకట్లో ఉంచాలి. లేచే రోజు తెల్లవారగానే నల్ల కాగితం విప్పితే వెలుతురు తగిలి అన్నీ ఒక్కుమ్మడిగా లేస్తాయి. మధ్యలో వెలుతురు తగిలితే కొన్ని ఈరోజు, కొన్ని రేపు, కొన్ని ఎప్పటికీ లేవవు. ఎండ పనికిరాదు, కుదుపు పనికిరాదు, వాసన అసలే పనికిరాదు. మా పురుగుల గదిలోకి నేను మల్లెపూలు పెట్టుకుని పోను. పొగాకు నమిలినవాళ్ళను గడప దాటనివ్వను. పక్కింట్లో మిరపకాయలు వేయించినా పోయి కొట్లాడతాను.

"ఏర్‌పోర్టులో ఫోటో మిషన్‌లో మాత్రం పెట్టనీయొద్దు, ఆ ఎక్స్‌రే తగిలితే గుడ్లు చెడతాయి" అని హనుమంతప్ప మళ్ళీ మళ్ళీ చెప్పాడు. "లెటరు చూపించు. కాళ్ళు పట్టుకో. ఏమన్నా చెయ్యి."

చిక్కబళ్ళాపురంలో పెద్దమ్మ ఇల్లు

ఆ పూట మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. అమ్మకు అక్క, డెబ్భై దాటింది. నన్ను పెంచింది ఆమే. పెద్దనాయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయినవాడు. నేను బుట్టను ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల దించి, లోపల కాగితాల మీద తడిగుడ్డ పరిచి, గాలి తగిలేలా పెట్టేలోపు ఆయన పాత అట్లాసు విప్పి కూర్చున్నాడు.

పెద్దనాయన ఒక నూలుపోగు తెచ్చి బెంగళూరు మీద ఒక కొస, కలకత్తా మీదుగా గువాహటి మీద ఇంకో కొస పెట్టి కొలిచాడు. కింద ఉన్న స్కేలుతో సరిచూసి, "రెండువేల కిలోమీటర్ల పైన కొంచెం" అన్నాడు.

నాకు కిలోమీటర్లు అర్థం కావు. గూళ్ళు అర్థమవుతాయి. మంచి పట్టుగూడు ఒకటి విప్పితే కిలోమీటరు దాకా దారం వస్తుంది. అంటే రెండువేల గూళ్ళు విప్పి ముడివేస్తే రూపాలి ఇల్లు వస్తుందన్నమాట. రెండువేల గూళ్ళంటే మా దగ్గర చిన్న రైతు తెచ్చే ఒక తట్ట. అంత దగ్గరా అనిపించి కాసేపు ధైర్యం వచ్చింది.

"గాల్లో ఉండేది ఎంతసేపు పెద్దనాయనా?"

"కలకత్తాకు రెండున్నర గంట. ఆడ దిగి ఇంకోటి ఎక్కితే గంటా పది నిమిషాలు. అన్నీ కలిపి మూడు గంటల నలభై నిమిషాలు. నువ్వు పొద్దున బాగేపల్లి నుంచి ఇక్కడికి రావడానికి పట్టినంత కూడా లేదు గదమ్మా."

"రైల్లో అయితే?"

"మూడు దినాలు. అంతలో నీ పురుగులు పుట్టి, ఆకలికి చచ్చి, కర్మంతరం కూడా అయిపోతాది."

పెద్దమ్మకు ఈ లెక్కలేవీ పట్టలేదు. రాగిముద్ద, ఆకుకూర వార్చిన నీళ్ళతో చేసే బస్సారు వడ్డించి నా ఎదురుగా కూర్చుని, నేను తింటున్నంతసేపూ నా ముఖమే చూసింది. "ఆడమనిషివి ఒక్కదానివే అంత దూరం. వాళ్ళ పంట ఒకతూరి పోయిందంటే దిష్టి ఉన్నట్టే గదా" అంది. నేను ముద్ద మింగుతూ, దిష్టి కాదు, ఏదో తప్పు చేసుంటారులే అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పెద్దమ్మ ఏమీ అనలేదంటే ఏదో ఒకటి చేయబోతోందని నాకు తట్టి ఉండాల్సింది.

పొద్దున్నే నేను నీళ్ళు పోసుకుని వచ్చేసరికి బుట్ట గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. పెద్దమ్మ నాకు కర్పూర హారతి ఇచ్చి, కళ్ళకద్దుకోమంది. బుట్టకు దూరంగా ఇమ్మని కసిరాను. కన్నీళ్ళు పెట్టుకుంది. అలా కసిరి బయలుదేరడం నాకే బాగనిపించలేదు.

దేవనహళ్ళి

కొత్త విమానాశ్రయం మా చిక్కబళ్ళాపురానికి బస్సులో గంట లోపే. ఇన్నాళ్ళూ ఆ దారిన పోతూ ద్రాక్షతోటల మధ్య ఆ గాజుమేడను చూసి, ఇది మనది కాదులే అనుకునేదాన్ని. లోపల నేల ఎంత నున్నగా ఉందంటే, జారిపడి బుట్ట వదిలేస్తానేమోనని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచాను. ఎవరో నవ్వారు. నవ్వనీ. పురుగుల గదిలోకి చెప్పులతో పోయే అలవాటు నాకు లేదు.

కాఫీ అరవై రూపాయలన్నారు. మా ఊళ్ళో ఆడమనిషికి ఒక పూట కూలి. వాసన చూసి వచ్చేశాను.

ఫోటో మిషన్ దగ్గర బుట్టను గుండెకు హత్తుకుని లెటరు ముందుకు చాపాను. అక్కడున్న ఆఫీసరు లెటరు చదివి, నా ముఖం చూసి, కన్నడంలో అడిగాడు, ఏ ఊరు అని. చెప్పాను. వెంటనే తెలుగులోకి మారాడు.

"మాది శ్రీనివాసపురం పక్కనమ్మా. మా అమ్మ కూడా పురుగులు మేపింది. చిన్నప్పుడు నేను ఆకు కోసినాను. ఇప్పుడు తెరిస్తే వెలుతురు తగులుతాది గదా. పొండి, పొండి."

తెరవలేదు, మిషన్‌లో పెట్టలేదు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. ఇంత మంచివాళ్ళున్నారా అనుకుని కళ్ళు తుడుచుకున్నాను.

మేఘాల మీద

విమానం పరుగెత్తి లేచినప్పుడు కళ్ళు మూసుకుని, మా గుడిబండె కొండమీది దేవుణ్ణి తలుచుకున్నాను. కళ్ళు తెరిస్తే కిటికీలో తెల్లగా, కిందా మీదా ఏమీ లేదు. ఊరు కనపడిందా అని అడిగినవాళ్ళకు ఇదే జవాబు. చూసే ధైర్యం వచ్చేసరికి ఊరు దాటిపోయింది.

అప్పుడు వచ్చింది వాసన. సన్నగా, ఘాటుగా. నా చీరకు పట్టిన హారతి వాసనేమో అని కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కాదనిపించింది. పక్కన ఒక చీరల వ్యాపారి, పట్టు జుబ్బా, చెవిలో అత్తరు దూది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. వచ్చీరాని హిందీలో, మీ అత్తరు వల్ల నా పిల్లలు చచ్చిపోతాయి, దూరంగా కూర్చోండి అన్నాను. పిల్లలా, ఎక్కడ అని ఆయన చుట్టూ చూశాడు. బుట్ట చూపించాను. బుట్టలో పిల్లలనగానే ఆయన లేచి నిలబడ్డాడు. విమానంలో పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నలుగురూ తిరిగి చూశారు. చివరికి పాపం ఆ పెద్దమనిషి దూది తీసి జేబులో వేసుకుని, తనే వెనక సీటుకు పోయి కూర్చున్నాడు.

వాసన పోలేదు. జుబ్బాకు కూడా పూసుకున్నాడు కాబోలని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

కలకత్తా

దిగగానే వేడి ముఖాన కొట్టింది. ఇంకో విమానం కాబట్టి మళ్ళీ తనిఖీ. ఈసారి ఆడ ఆఫీసరు. లెటరు చూసింది, తల అడ్డంగా ఊపింది. మిషన్‌లో పెట్టు, లేదంటే తెరిచి చూపించు అని చేత్తో చెప్పింది. నా వెనక వరస పెరిగిపోతోంది. హిందీ, కన్నడం, తెలుగు అన్నీ కలిపి బతిమాలాను. ఆమె ముఖంలో చలనం లేదు. ఏడ్చాను. నలభై ఏడేళ్ళ మనిషిని, అంతమందిలో గట్టిగా ఏడ్చాను.

ఆడవాళ్ళను తడిమి చూడటానికి అక్కడ నల్ల తెర కట్టిన చిన్న గది ఉంది. అందులోనన్నా తెరవనివ్వు తల్లీ అని తెరను చూపించి సైగ చేశాను. ఆమె ఏమనుకుందో గానీ సరేనంది. తెర మూసి, చీర కొంగు రెండు పొరలు పైన పట్టి, మసక చీకట్లో మూత తీశాను.

తీయగానే వాసన గుప్పుమంది.

నల్ల కాగితం మీదే, తడిగుడ్డ మడతలో, పసుపు గుడ్డతో కట్టిన చిన్న మూట. ఆఫీసరు విప్పింది. విభూతి, ఒక ఎండుమిరపకాయ, గుప్పెడు కర్పూరం బిళ్ళలు. తడికి కర్పూరం చెమర్చి గుడ్డంతా ఇంకిపోయింది.

పెద్దమ్మ. నేను నీళ్ళు పోసుకుంటుండగా పెట్టింది. నాకు దిష్టి తగలకుండా, పిల్లలకు దిష్టి తగలకుండా. పద్దెనిమిదేళ్ళుగా గుడ్ల దగ్గర అగరొత్తి కూడా వెలిగించనివ్వని నేను, ఈ గుడ్లను ఐదారు గంటలు కర్పూరంలో మగ్గబెట్టి మోసుకొచ్చాను. అత్తరాయన మీద విరుచుకుపడ్డాను.

కర్పూరం అంటుకునే వస్తువు, విమానంలోకి తీసుకుపోకూడదని ఆఫీసరు మూట మొత్తం లాగేసుకుంది. తడిగుడ్డ కూడా తీసి పారేసింది. ఏ ఆఫీసరు మనసు కరిగి వదిలేశాడో ఆయన వల్ల నష్టం జరిగింది. ఎవరి కాళ్ళమీద పడబోయానో ఆమె వల్ల మిగిలిందేదో మిగిలింది. అక్కడ నిలబడి ఆలోచించే తెలివి నాకప్పుడు లేదు. తాగే నీళ్ళతో నా చేతిగుడ్డ తడిపి బుట్టలో పరిచి, మూత పెట్టి బయటికి వచ్చాను. ఆఫీసరు నా భుజం మీద ఒకసారి తట్టింది.

గువాహటి విమానం గంటా పది నిమిషాలే అన్నాడు గదా పెద్దనాయన. ఆ గంటా పది నిమిషాలూ మబ్బులు విమానాన్ని జల్లెడ పట్టినట్టు పట్టాయి. పైన సామాను గడగడలాడింది. పక్క సీట్లో నా పెద్దమ్మ వయసు బామ్మ నా చేయి గట్టిగా పట్టుకుని, నాకు రాని భాషలో ఏదో జపించింది. నేను ఆమె చేయి వదలకుండా, ఇంకో చేత్తో బుట్టను గాల్లో ఎత్తి పట్టుకున్నాను, కుదుపు తగలకుండా. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం, పడిపోతే పోనీ, రూపాలికి ముఖం చూపించే పని తప్పుతుంది అనుకున్నాను. అంత పాపిష్టి ఆలోచన నాకు జన్మలో రాలేదు.

బ్రహ్మపుత్ర దాటి

రూపాలి జీపు తెచ్చుకుని ఏర్‌పోర్టు బయట నిలబడి ఉంది. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి కాళ్ళకు దండం పెట్టి, బుట్ట అందుకుంది.

"బాగుండాయా అక్కా?"

"బాగుండాయి" అన్నాను. బుట్ట వైపు చూడకుండా జీపెక్కాను.

మూడు గంటల దారి. నది దాటుతుంటే అవతలి ఒడ్డు కనపడదు. మా చిత్రావతి వానాకాలంలో వారం పారితే గొప్ప. ఇంత నీళ్ళున్న ఊళ్ళో కూడా పంట పోతుందన్న దిగులుతో బతుకుతారా అనిపించింది. దారిలో ఆగి బొరుగులు, పెరుగు, బెల్లం కలిపి తిన్నాము. మా బొరుగులే, అయితే మేము ఉల్లిపాయ, కారం వేసుకుంటాం, వాళ్ళు తీపి చేస్తారు. ఐదున్నరకే చీకటి పడుతుంటే నా గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను.

వెదురు తడికలకు మట్టి మెత్తిన ఇల్లు. రూపాలి అత్త గుమ్మంలో నిలబడి, ఇత్తడి తట్టలో వక్క, తమలపాకు అందించింది. తాంబూలం ఇవ్వడం మాకూ ఉంది, కానీ మేము పోయేవాళ్ళకిస్తాం, వాళ్ళు వచ్చినవాళ్ళకిస్తారు. ఆమె నవ్వలేదు. బుట్టను చూసింది, కోడలి చేతులను చూసింది, లోపలికి పోయింది. గోడకు పార ఆనించి ఉంది. తోట పీకడానికి పెట్టింది అదేనని రూపాలి మెల్లగా చెప్పింది.

రాత్రి భోజనంలో పుల్లటి చేపల కూర బాగుంది. పక్కనే గిన్నెలో వేయించినవేవో పెట్టారు. ఏమిటివి అంటే, ఆముదం ఆకు మేసే పట్టుపురుగులు, దారం తీశాక మిగిలినవి. చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. బిడ్డల్లా సాకి మళ్ళీ తింటారా అని అడిగాను. "దారం తీసినాక మీరు యాడ పారేస్తారక్కా?" అని రూపాలి అడిగింది. గిన్నె మెల్లగా పక్కకు జరిపాను.

కర్పూరం సంగతి ఆ రాత్రి చెప్పాలి. మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ వేరే మాట చెప్పాను.

వాళ్ళ సూర్యుడు

ఆరుకు లేచి నల్ల కాగితం విప్పాలని లెక్క. మా ఊళ్ళో ఆ వేళకే వెలుతురు వస్తుంది. కళ్ళు తెరిచేసరికి తడికల సందుల్లోంచి ఎండ నా ముఖం మీద పడుతోంది. పొద్దెక్కేదాకా పడుకున్నాను, అయిపోయింది, అన్నీ అయిపోయాయి అనుకుని పడుతూ లేస్తూ పురుగుల గదిలోకి పరుగెత్తాను. గోడ గడియారం ఐదు చూపిస్తోంది. దేశమంతా ఒకటే గడియారం గానీ సూర్యుడు వాళ్ళకు గంట ముందే వస్తాడని ఆలోచించలేదు. పెద్దనాయన అట్లాసులో దూరం కొలిచాడు, దీన్ని కొలవలేదు.

రూపాలి అప్పటికే లేత ఆకు కోసి సన్నగా తరుగుతోంది. ఇద్దరం కలిసి నల్ల కాగితం విప్పి, ఐదు కాగితాలను ఐదు తట్టల్లో పరిచాము. గుడ్లు నీలం తిరిగి ఉన్నాయి. అది మంచి గుర్తే. కానీ చచ్చిన గుడ్డు కూడా కొన్నిసార్లు నీలంగానే ఉంటుంది. అత్త వచ్చి గడప దగ్గర నిలబడింది.

అరగంట. ఏమీ లేదు. ముప్పావుగంటకు, బుట్టలో అడుగున ఉండిన కాగితం మీద ఒక చుక్క కదిలింది. తర్వాత పది. తర్వాత కాగితం మొత్తం నల్లగా, చీమల బారులా కదలసాగింది. రెండోది, మూడోది కూడా. రూపాలి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను మిగిలిన రెండు కాగితాలనే చూస్తున్నాను. బుట్టలో మూటకు దగ్గరగా, పైన ఉండినవి అవే.

ఏడయింది. ఆ రెండూ కదల్లేదు. (వాటిని మళ్ళీ నల్ల కాగితంలో చుట్టి దాచాం. మర్నాడు సగానికి తక్కువే లేచాయి. మిగతావి పోయాయి.)

అత్త లోపలికి వచ్చి ఆ రెండు తట్టలను చూసింది. ఒకే ఒక్క మాట అంది, మెల్లగా. రూపాలి తల దించుకుంది. తెలుగులోకి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆకు తరిగిన కత్తి పక్కన పెట్టి, చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

నా భయం అప్పుడు పోయిందని అనను. అయినా చెప్పాను.

"రూపాలీ, మీ అత్తకు చెప్పు. ఇది నీ వల్ల కాదు. నా వల్ల. మా పెద్దమ్మ దిష్టి తగలకూడదని బుట్టలో కర్పూరం పెట్టింది. కలకత్తాలో చూసినాను. నిన్న నీకు చెప్పకుండా దాచినాను."

రూపాలి నా వైపు చూసింది. తర్వాత అత్తకు చెప్పింది. ముసలామె వింది. కదలని తట్టలను చూసి, ఏదో అడిగింది.

"వాసనకే చస్తాయా అని అడుగుతాండాది అక్కా."

"చస్తాయి. కర్పూరం, అగరొత్తి, సాంబ్రాణి పొగ, ఏదైనా సరే. గుడ్డును చంపుతాది. పసిపురుగును ఇంకా బిరీన చంపుతాది. నీకు మా ఇంట్లో చెప్పినాను గదా."

రూపాలి ఒక్కొక్కటే చెప్పింది. సాంబ్రాణి దగ్గర వాళ్ళ మాట ధూనా అని వినపడింది. ఆ మాట దగ్గర అత్త గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. నేల చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. ఆగి ఆగి, చాలాసేపు మాట్లాడింది. రూపాలి తెలుగులోకి చెప్పడం మరిచిపోయి నిలబడింది.

"ఏమంటాండాది?" అన్నాను.

"పోయిన తూరి..." అని ఆగింది. "సాయంత్రం నేను ఆకు కోయను పోతాను గదా అక్కా, అప్పుడు అత్త ఈ గదిలోకి వచ్చి ధూనా పెట్టేదంట. దినమ్మూ. పురుగులకు దిష్టి తగలకూడదని. సందేళ ఇల్లంతా అదే వాసన ఉంటాది, ఈ గదిలో కూడా పెడతాండాదని నాకు తెలీలే."

ముసలామె చేయి చాచి రూపాలి కొంగు లాగింది. లోపల దాచుకున్న రెండు చేతులనూ బయటికి తీసి, తన ఒళ్ళో పెట్టుకుని, ఇంకేదో అంది. చేతులు ఆ ఒళ్ళోంచి తీయకుండానే రూపాలి నా వైపు తిరిగింది.

"నా చెయ్యి కాదంట అక్కా."